రియాక్టివ్ కుక్కని ఎక్కడ తిప్పితే మేలు: అర్ధరాత్రి రోడ్డా, టెర్రసా, ఊరి బయట వెంచరా, మన గల్లీయేనా?

"ఇంట్లో ఉన్నంతసేపూ మా కుక్క బంగారం. గేటు దాటి ఇంకో కుక్క కనిపించిందా, ఇక పట్టుకోవడం నా వల్ల కాదు. అందరూ పడుకున్నాక రాత్రి పదకొండింటికి తీసుకెళ్తే మేలా, టెర్రస్ మీద తిప్పి ఊరుకుంటే మేలా?" మాటలు అటూ ఇటూగా ఇదే ప్రశ్న ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఇలా బయట ఇంకో కుక్కనో, బండినో, మనిషినో చూడగానే అదుపు తప్పి అరిచి మీదికి లాగేదాన్నే రియాక్టివ్ కుక్క అంటారు. విడివిడిగా జవాబులు రాసీ రాసీ విసుగొచ్చింది. అందుకే అంతా ఒక్కచోట పెడుతున్నా. నేనుండేది హైదరాబాద్‌లో, గల్లీలోని అపార్ట్‌మెంట్‌లో. మా పండు ఇండీ, అంటే మన నాటు జాతి, ఆడకుక్క. చెప్పేదంతా ఆ లెక్కలోనే.

అరిస్తే కొట్టకూడదని, ట్రీట్ ఎందుకిస్తారో అని మళ్ళీ మొదట్నుంచీ చెప్పను. ఒక్క మాట మాత్రం. నిన్నటిదాకా బాగున్న కుక్క ఉన్నట్టుండి ఇలా మొదలుపెడితే ముందు డాక్టర్‌కి చూపించండి. చెవిలో ఇన్ఫెక్షన్, కీళ్ళ నొప్పి ఉన్న కుక్క ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. అలాంటప్పుడు ఏ రోడ్డు మీద తిప్పినా ఒకటే.

చాలామంది ఈ లెక్కంతా జనం ఎప్పుడు తక్కువుంటారు అన్నదాని మీద వేస్తారు. నాకు పేచీ అక్కడే. యూట్యూబ్‌లో చూసే విదేశీ ట్రైనర్ "దూరం పాటించండి" అంటాడు. సరే, వాళ్ళ వీధిలో ఎదురుగా వచ్చే కుక్క కూడా లీష్ మీదే ఉంటుంది. మనం రోడ్డు దాటి అటు పక్కకి వెళ్తే దూరం పెరుగుతుంది, కథ ముగుస్తుంది. మన గల్లీలో మనం రోడ్డు దాటితే అవతలి కుక్క కూడా దాటుతుంది. మనం వెనక్కి తిరిగితే వెంట వస్తుంది, తన హద్దు అయ్యేదాకా అరుస్తూ సాగనంపుతుంది. కాబట్టి ఇక్కడ చూసుకోవాల్సింది నిశ్శబ్దం కాదు. ఏ కుక్క ఎక్కడుంటుందో ముందే తెలుసా, వస్తే తప్పుకోవడానికి నాకు దారుందా? ఈ రెండింటికీ జవాబున్న చోటు ఎంత రద్దీగా ఉన్నా ఫరవాలేదు. లేని చోటు ఎంత ప్రశాంతంగా ఉన్నా నాకొద్దు.

ఆ లెక్కన అర్ధరాత్రి రోడ్డు మొదటే ఓడిపోతుంది. మనుషులుండరు, నిజమే. కానీ రోడ్డు ఖాళీ అయిందంటే కుక్కలకి అప్పగించారనే అర్థం. పగలంతా కార్ల కింద పడుకున్నవన్నీ ఆ వేళకి లేచి గుంపు కడతాయి. ఫుడ్ డెలివరీ కుర్రాళ్ళ బైకుల వెంట ఎంత దూరం పరిగెడతాయో చూడలేదా? పైగా వీధి దీపం వెలుగు బండి కిందికి దిగదు. పక్కన ఆగి ఉన్న కారు కింద ఏముందో, అది మూలిగేదాకా తెలియదు. అప్పటికి మన కుక్కకీ దానికీ మధ్య రెండు గజాలుండదు.

తెల్లవారుజాము ఐదింటి సంగతీ అంతే. చాలా గల్లీల్లో కుక్కలకి అన్నం, పాలు పోసేవాళ్ళు వచ్చే వేళ అది. పుణ్యాత్ములు, నాకు వాళ్ళ మీద ఏ కోపమూ లేదు. కానీ తిండి దగ్గర చేరిన గుంపు పక్కగా రియాక్టివ్ కుక్కని నడిపించాలంటే తలప్రాణం తోకకొస్తుంది.

ఇక టెర్రస్. దీన్ని తీసిపారేయను. వాన కురుస్తున్న రోజుల్లోనూ, కిందటి రోజు వీధిలో గొడవ జరిగి కుక్క ఇంకా బిక్కుబిక్కుమంటున్నప్పుడూ దీన్ని మించింది లేదు. ఒక్క రోజు వాకింగ్ మానేస్తే పాపమేం తగలదు. గుప్పెడు గింజల ఫుడ్‌ని పూలకుండీల మధ్య చల్లి వెతుక్కోమంటే, పండు ఇరవై నిమిషాలు ముక్కు పైకెత్తదు. ఆ తర్వాత వచ్చి పడే నిద్ర మూడు గల్లీలు తిరిగినా రాదు. అయితే పిట్టగోడ సంగతి చూసుకోవాలి. ముందు కాళ్ళు గోడ మీద వేసి కింద పోయే ప్రతి కుక్క మీదా అరవడం మరిగిందంటే, రోజూ దానికి అరుపు ప్రాక్టీస్ చేయిస్తున్నట్టే లెక్క. గోడ నడుము ఎత్తుకంటే తక్కువుంటే లీష్ లేకుండా పైకి తీసుకెళ్ళకండి. వేసవిలో స్లాబ్ కాలిపోతుంది. మీ అరచేతి వెనక భాగం ఐదు సెకన్లు నేల మీద ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనించలేవు. ఇంకో చిక్కు, కుక్కని లిఫ్టులో పైకి తేవద్దనే, బట్టలారేసుకునే ఆంటీలతో. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కలకి లిఫ్టు నిషేధించే అధికారం అసోసియేషన్లకి లేదు. కానీ రూలు చూపించి గెలిచేకంటే "ఆంటీ, మీరు ఏ టైముకి వస్తారో చెప్పండి, ఆ టైముకి మేం రాం" అంటే పని తొందరగా అవుతుంది.

టెర్రస్ ఒక్కదాంతోనే సరిపెట్టొచ్చా అంటే, వద్దు. బయటి లోకం ఎంత తక్కువ చూస్తే, చూసినప్పుడు అంత ఎక్కువ బెదురుతుంది.

ఈ మధ్య చాలామంది నోట వినిపిస్తున్నది కారులో వేసుకుని ఊరి బయటికి వెళ్ళడం. ఘట్‌కేసర్ వైపో, షాద్‌నగర్ వైపో రోడ్లేసి, హద్దురాళ్ళు పాతి, ఒక్క ఇల్లూ కట్టని ప్లాట్ల వెంచర్లు కొల్లలు. చూపు ఆనినంత మేర ఖాళీ. ఎదురుగా ఏదైనా వస్తుంటే రెండు వందల మీటర్ల ముందే తెలుస్తుంది. పది మీటర్ల పొడుగు తాడు కట్టి వదిలితే కుక్క తనకి నచ్చిన వాసన దగ్గర నచ్చినంతసేపు నిలబడుతుంది. ఆ సుఖం గల్లీలో దొరకదు, ఒప్పుకుంటా. కానీ అక్కడి కుక్కలు మనకి కొత్త, మనం వాటికి కొత్త. సెక్యూరిటీ గది చుట్టూ నాలుగైదుంటాయి, గొర్రెల మంద వచ్చిందంటే దాని కావలి కుక్కలు ఉంటాయి, అవి మందకీ మనకీ మధ్య నిలబడతాయి. రెండు వందల మీటర్ల దూరాన్ని కుక్క ఎంతసేపట్లో దాటుతుందో ఒకసారి ఆలోచించండి. వెనక్కి తిరిగి దూరడానికి గేటు లేదు, మెట్లు లేవు, ఉన్నదల్లా ఎక్కడో ఆపిన కారు. అందుకే వెళ్ళినప్పుడల్లా కారు కనుచూపులో ఉండాలి, తాళంచెవి చేతిలో ఉండాలి. గడ్డిలో గోమార్లు మరో బెడద. అవి తెచ్చే టిక్ ఫీవర్‌ని తేలిగ్గా తీసుకోవద్దు, ఇంటికొచ్చాక చెవుల లోపలా, వేళ్ళ సందుల్లోనూ వెతకాలి. నెలకి రెండు ఆదివారాలకి బాగుంటుంది. రోజూ చేసే పని కాదు.

మిగిలింది మన గల్లీ. అందరూ భయపడేది దీనికే, నేను ఓటేసేదీ దీనికే.

కారణం చెప్తాను. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కని పట్టుకెళ్ళి ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే మళ్ళీ వదలాలి. అంతకు ముందు 2001 నాటి నియమాలదీ అదే పద్ధతి. ఆపరేషన్ అయిందనడానికి గుర్తుగా చెవి కొన కత్తిరిస్తారు. అంటే మీ గల్లీలో చెవి తెగిన కుక్కలు ఈ ఏడూ అవే, వచ్చే ఏడూ చాలావరకు అవే. వాటికి పేర్లుంటాయి, వేళలుంటాయి, హద్దులుంటాయి. మా వాచ్‌మన్ అన్న నాకు ఇచ్చినంత సమాచారం ఏ ట్రైనరూ ఇవ్వలేదు. "నల్లది ట్రాన్స్‌ఫార్మర్ దాటి రాదు సార్. కిరాణం షాపు ముందర పండుకునేది ముసలిది, లేవదు. తెల్లదాన్తోనే జర పైలం, అది వెనక నుంచి వస్తది." వారం రోజులు కుక్క లేకుండా మీరొక్కరే నడిచి చూడండి. ఎవరు ఏ కారు కింద పడుకుంటారో, అరుపు ఏ గేటు దగ్గర మొదలై ఎక్కడ ఆగిపోతుందో తెలిసిపోతుంది. ఆ హద్దుకి ఇవతలే మీ దారి.

వేళ కూడా జనం అనుకునేదానికి తలకిందులు. మా గల్లీలో అన్నిటికంటే మంచి సమయం పొద్దున తొమ్మిది నుంచి పదిలోపు. స్కూలు బస్సులు పోయుంటాయి, చెత్త ఆటో పాట పాడుకుంటూ వెళ్ళిపోయుంటుంది, రాత్రంతా కాపలా కాసిన కుక్కలు మంచి నిద్రలో ఉంటాయి. ఆటోలు, కూరగాయల బండ్లు, మనుషులు ఉంటారు, ఉండనివ్వండి. మా పండుకి మనుషులతో పేచీ లేదు. మీ కుక్కకి బైకులంటేనో, పిల్లలంటేనో పడకపోతే ఈ వేళ మీకు పనికిరాదు, ఎండ తగ్గిన చలికాలపు మధ్యాహ్నం చూసుకోండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తొమ్మిదింటికే రోడ్డు కాలుతుంది కనుక ఏడింటికి జరుపుతాం. అప్పటికి తిండి గుంపులు చెదిరిపోయుంటాయి. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నర. ఇంకా బళ్ళు తిరుగుతుంటాయి కాబట్టి వీధికుక్కలు గోడవారకి ఒదిగే ఉంటాయి. పదకొండు కంటే ఎనిమిది మేలంటే ఎవరూ నమ్మరు, చూశాక నమ్ముతారు.

దారి చిన్నదిగా పెట్టుకోండి. మూడు చోట్ల పక్కకి తప్పుకునే వీలుండాలి: తెరిచి ఉండే ఒక సెల్లార్, ఎవరిదో తెలిసినవాళ్ళ గేటు, ఒక పెద్ద వ్యాన్ చాటు. కళ్ళు మాత్రం ఎదురు రోడ్డు మీద కాకుండా మీ కుక్క మూతి మీద ఉంచండి. అరుపు కంటే ముందు ఒక క్షణం ఉంటుంది. నాలుక బయటపెట్టి ఒగరుస్తూ నడిచేది టక్కున నోరు మూస్తుంది. చెవులు ముందుకొస్తాయి, బరువు ముందు కాళ్ళ మీదికి జరుగుతుంది, తోక కదలడం ఆగి కర్రలా నిలుస్తుంది. నోరు మూసుకోగానే "పద పద" అని హుషారుగా అని వెనక్కి తిరగాలి, తిరిగినందుకు శనగగింజంత ఉడికించిన లివర్ ముక్క పెట్టాలి. ఇదే మాట ముందు ఇంట్లో హాల్లో, తర్వాత మెట్ల మీద వందసార్లు ఆడితే తప్ప వీధిలో పనిచేయదు. నోరు మూశాక రెండు సెకన్లు ఆలస్యమైతే లివర్ కాదు, బిర్యానీ పెట్టినా చూడదు.

అవతలిది వచ్చేస్తే? పరిగెత్తొద్దు. మీ కుక్కని వెనక్కి పెట్టుకుని మీరు ముందు నిలబడండి. నాలుగు బిస్కెట్లు దాని వెనక పడేలా దూరంగా విసిరితే ముప్పై సెకన్లు దొరుకుతాయి. దీనికి మూల్యం ఉంది. రేపట్నుంచి మిమ్మల్ని చూడగానే తోకూపుకుంటూ ఎదురొస్తుంది. అందుకే బిస్కెట్లు ఆపద్ధర్మానికే. టక్కున తెరుచుకునే గొడుగు ఇంకా నయం. కర్ర పట్టుకుని వెళ్తే దాన్ని చూసే అరిచే కుక్కలే ఎక్కువ. ఎవరినైనా కరిస్తే, ఎంత చిన్న గాటైనా, సబ్బుతో ధారగా పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఇంజెక్షన్ వేయించుకోవాలి.

వీధికుక్కల కంటే నాకు ఎక్కువ కోపం తెప్పించేది లీష్ లేకుండా లాబ్రడార్‌ని వదిలేసి "ఏం అనదండీ, మావాడు చాలా ఫ్రెండ్లీ" అనే పెద్దమనుషులు. మీవాడు అనడు సార్, మాది అంటుంది. "మా కుక్కకి చర్మవ్యాధి ఉంది, అంటుకుంటుంది" అని అరిచి చూడండి, ఎంత వేగంగా వెనక్కి పిలుస్తారో. అబద్ధమే, ఏం చేస్తాం.

గల్లీ కూడా పనికిరాని రోజులుంటాయి. చిత్తకార్తె అంటే అక్టోబరు నడిమి. ఆపరేషన్ కానివి జత కట్టే ఆ రోజుల్లో గుంపులు హద్దులు మర్చిపోతాయి, పక్క వీధివి కూడా వచ్చి చేరతాయి. సరిగ్గా రెండు నెలలు తిరిగేసరికి, డిసెంబరులో, పిల్లల తల్లులు. నిన్నటిదాకా లేవని కుక్క కూడా సందులో పిల్లలుంటే మీదికొస్తుంది. ఈ మధ్యలో దీపావళి. అప్పుడు మేం టెర్రస్‌కి, ఆదివారాలు వెంచర్‌కి మారిపోతాం, టపాసుల వారమైతే టెర్రస్ కూడా బంద్.

బెల్టుల గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి క్లుప్తంగా. ఛాతీ మీద వై ఆకారంలో కూర్చునే హార్నెస్, ఆరడుగుల మామూలు లీష్, ఇవి చాలు. చోక్ చెయిన్ వద్దు. ఇంకో కుక్కని చూసినప్పుడల్లా గొంతు నొక్కుకుంటే, ఆ నొప్పి ఆ కుక్క వల్లే అనుకుంటుంది. లాగితే సాగే రిట్రాక్టబుల్ లీష్ గల్లీలో ప్రమాదం. ఒకసారి మనుషుల మీదికి వెళ్ళిన కుక్క అయితే ఎద్దుల చిక్కం లాంటి బాస్కెట్ మజిల్ అలవాటు చేయండి, అందులో నోరు తెరిచి ఒగర్చగలదు, నీళ్ళు తాగగలదు. మూతిని బిగించే గుడ్డది మాత్రం ఎండలో ప్రాణం మీదికి తెస్తుంది.

కొండాపూర్ డాగ్ పార్క్ సంగతేంటని ఇద్దరు ముగ్గురు అడిగారు. పార్కు మంచిదే, మన కుక్కలకి కాదు.