సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్: ఆరేళ్లు వాడాక

మా ఇల్లు విశాఖలో, సముద్రానికి దగ్గర. ఆ ఉప్పు గాలికి గేటు కమ్మీలే నిలవవు, కారు కింది భాగాల సంగతి చెప్పేదేముంది! మా హోండా సిటీ ముందు బ్రేకు డిస్కులు మొదటిసారి నేనే మార్చుకుందామని కూర్చున్న రోజు, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) బోల్టులు తేలిగ్గానే వచ్చాయి. డిస్కును హబ్బుకి (చక్రం బిగించే భాగానికి) పట్టి ఉంచే చిన్న స్టార్ స్క్రూలు, డిస్కుకి రెండేసి, అవే కదల్లేదు. చేతి స్క్రూడ్రైవర్‌తో బలంగా తిప్పేసరికి కొస జారి, ఒక స్క్రూ తలలో ప్లస్ గాడి కాస్తా గుండ్రటి గుంట అయిపోయింది. చివరికి డ్రిల్లుతో తల తీసేసి, డిస్కు ఊడదీసి, మిగిలిన మొండాన్ని లాకింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పాల్సి వచ్చింది.

ఆ వారమే ఈ ఇంపాక్ట్ డ్రైవర్ కొన్నాను. చూడ్డానికి బరువైన ఇనుప పిడి, అంతే. వెనక సుత్తితో కొడితే లోపలి ఏటవాలు గాడి వల్ల ముందు బిగించిన బిట్ (స్క్రూ తలలో దిగే కొస) కొద్దిగా తిరుగుతుంది. చేతి స్క్రూడ్రైవర్ బలం పెట్టేకొద్దీ స్క్రూ గాడిలోంచి పైకి లేస్తుంది. ఇక్కడ ఆ దెబ్బే బిట్‌ని గాడిలోకి దిగ్గొడుతూ తిప్పుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

నేను చేసే పద్ధతి చెబుతాను. ముందు రోజు రాత్రి స్క్రూ చుట్టూ తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేస్తాను. క్యాలిపర్ విప్పకముందే స్క్రూల పని పట్టాలి, ఇంట్లో ఒకరు బ్రేకు తొక్కి ఉంచితే డిస్కు తిరగదు. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పితే సుత్తి ఆడించడానికి చోటు దొరుకుతుంది. 3వ నంబరు బిట్టే పెట్టాలి. 2వ నంబరు కూడా పట్టినట్టే అనిపిస్తుంది, గాడిని పాడుచేసేది అదే. పిడిని విప్పే వైపు తిప్పి, బిగువుగా పట్టుకుని, కిలో సుత్తితో ఒక్కటి గట్టిగా వెయ్యాలి. భయపడి చిన్న చిన్నగా తడితే లాభం లేదు. రెండో దెబ్బకో మూడో దెబ్బకో స్క్రూ తల అంచు చుట్టూ ఎర్రటి పొడి సన్నగా రాలుతుంది. అది కనిపించిందంటే స్క్రూ వదిలినట్టే! కళ్లద్దాలు, గ్లవ్స్ మాత్రం తప్పనిసరి.

లోపాలూ ఉన్నాయి. పెట్టెలో ఇచ్చిన బిట్లు నాసిరకం, రెండో ఏడే 3వ నంబరు అంచులు అరిగిపోయాయి. మంచిది విడిగా కొన్నాను, అదే ఇప్పటికీ వాడుతున్నాను. నాలుగో ఏట లోపలి గ్రీజు ఎండి పిడి తిరగడం మానేసింది; విప్పి, కిరోసిన్‌తో కడిగి, కొత్త గ్రీజు పెడితే మళ్లీ దారికొచ్చింది. గాడి పూర్తిగా చెడిపోయిన స్క్రూకి మాత్రం ఇది పనికిరాదు, అప్పుడు డ్రిల్లే గతి. అందుకే చేతి స్క్రూడ్రైవర్‌తో ఒక్కసారి కదలకపోతే, రెండోసారి ప్రయత్నించకుండా దీన్ని తీయండి.

తిరిగి బిగించేటప్పుడు కొత్త స్క్రూలే వేస్తాను, మరలకి యాంటీ సీజ్ (తుప్పుతో పట్టేయకుండా రాసే పేస్టు) పలచగా రాసి. హోండా చెప్పే బిగింపు 9.8 న్యూటన్ మీటర్లే, అంటే చేతి బలం చాలు. చక్రం ఎక్కాక డిస్కును నొక్కి పట్టేవి వీల్ నట్లు కాబట్టి ఈ స్క్రూల్ని బిగదీయాల్సిన పనే లేదు. నూనె మరకలు డిస్కు మీద మిగలకుండా బ్రేక్ క్లీనర్‌తో తుడిచాకే ప్యాడ్లు పెడతాను.

మొన్న రెండోసారి డిస్కులు మార్చినప్పుడు నాలుగు స్క్రూలూ పావుగంటలో వచ్చేశాయి, ఒక్క గాడి కూడా చెడలేదు.