ఫోర్ట్ సిల్ ఆర్టిలరీ మ్యూజియం: ఒక గన్నర్ తల్లి రివ్యూ

డాలస్ వైపు ఉండే తెలుగువాళ్లు విచిటా పర్వతాలు చూడటానికి ఓక్లహోమా వెళ్తూనే ఉంటారు. ఈసారి వెళ్తే ఒక పూట లాటన్ ఊరిని ఆనుకుని ఉన్న ఫోర్ట్ సిల్ సైనిక స్థావరంలోని ఆర్టిలరీ (ఫిరంగి దళ) మ్యూజియానికి ఇవ్వండి. టికెట్ లేదు. మా అబ్బాయి గన్నర్‌గా, అంటే ఫిరంగి దళ సైనికుడిగా, ఫోర్ట్ సిల్‌లోనే ట్రైనింగ్ అయ్యాడు. వాడి గ్రాడ్యుయేషన్‌కి వెళ్లినప్పుడు నేనూ మా ఆయనా చూశాం. పిల్లలు సైన్యంలో చేరిన ప్రతి అమ్మానాన్నా చూడాల్సిన చోటు ఇది.

వాడికి 5వ ఫీల్డ్ ఆర్టిలరీ రెజిమెంట్, 1వ బెటాలియన్‌లో పోస్టింగ్ వచ్చింది. ఆ అంకెల వెనకాల ఏముందో కొంచెం తెలుసుకుని వెళ్లడం వల్ల లోపల చూసినవన్నీ మాకు మా ఇంటి సంగతుల్లా అనిపించాయి. 1776లో న్యూయార్క్ వాళ్లు ఒక ఫిరంగి దళం పెట్టుకుని, అలెగ్జాండర్ హామిల్టన్‌ను దానికి కెప్టెన్‌గా వేశారు. పది డాలర్ల నోటు మీద ఉండే ఆయనే. ట్రెంటన్, ప్రిన్స్‌టన్ యుద్ధాల్లో ఆ దళం పోరాడింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1784లో, కాంగ్రెస్ దాదాపు సైన్యం మొత్తాన్నీ ఇంటికి పంపేసింది. ఆయుధాలు, సామగ్రి కాపలాకి ఫోర్ట్ పిట్‌లో 25 మందిని, వెస్ట్ పాయింట్‌లో 55 మందిని మాత్రం ఉంచుకుంది. హామిల్టన్ దళం అలా బతికి బయటపడింది. ఈ రోజు అమెరికా రెగ్యులర్ ఆర్మీలో (పూర్తికాలపు సైన్యంలో) అన్నిటికన్నా పాతది అదే, మా వాడు ఉన్న బెటాలియన్ దాని వారసురాలే.

మరి 5వ ఫీల్డ్ ఆర్టిలరీ అన్న పేరు ఎప్పటిది? 1907 నాటిది. 1901లో ఆర్టిలరీ రెజిమెంట్లను రద్దు చేసి, వాటి లోపలి బ్యాటరీలను, అంటే హామిల్టన్ దళం లాంటి చిన్న ఫిరంగి దళాలను, విడివిడిగా ఉంచారు. 1907లో తీర రక్షణ ఫిరంగులను వేరు చేసి, ఫీల్డ్ ఆర్టిలరీకి 6 రెజిమెంట్లు కట్టారు. అంటే రెజిమెంట్ కంటే లోపలి బ్యాటరీకి వయసెక్కువ. దత్తత వెళ్లి ఇంటిపేరు మారినా రక్తం మారదు కదా, అలాగన్నమాట. రాష్ట్రాల సైనిక దళమైన నేషనల్ గార్డ్‌లో ఇంకా పాతవీ ఉన్నాయి. మసాచుసెట్స్ 101వ ఫీల్డ్ ఆర్టిలరీ తన మూలాన్ని 1636 దాకా చెప్పుకుంటుంది. తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన హ్యారీ ట్రూమన్ మొదటి ప్రపంచ యుద్ధంలో 129వ ఫీల్డ్ ఆర్టిలరీలో డి బ్యాటరీకి కెప్టెన్. ఆయన ట్రైనింగ్ కూడా ఫోర్ట్ సిల్‌లోనే జరిగింది. ఆ సంగతి విన్నాక మా ఆయన ఆ ఆవరణంతా కాలినడకనే తిరుగుదామన్నారు.

లోపలి హాలు స్వాతంత్ర్య యుద్ధ కాలం నుంచి నేటి దాకా వరసగా నడుస్తుంది. నాకు ఎక్కువ నచ్చింది మాత్రం బయట పార్కు. ఫిరంగులు ఆరుబయట ఉంటాయి, దగ్గరగా వెళ్లి చూడొచ్చు. అన్నిట్లోకీ పెద్దది 'అటామిక్ ఆనీ'. 280 మిల్లీమీటర్ల గొట్టం, దాదాపు 83 టన్నుల బరువు. దాన్ని కదిలించాలంటే ముందొకటి, వెనకొకటి రెండు ట్రాక్టర్లు కావాలి. 1953 మే 25న నెవాడాలో అణుగుండును పేల్చింది ఈ ఫిరంగే. ఆ గుండు సుమారు 10 కిలోమీటర్ల అవతల పేలింది, శక్తి 15 కిలోటన్నులు, అంటే 15 వేల టన్నుల టీఎన్‌టీ పేలినంత. అందరూ దాని ముందు ఫొటోలు దిగుతున్నారు. నాకు మాత్రం అక్కడ నవ్వుతూ నిలబడాలనిపించలేదు.

చిన్నపిల్లలకు లోపల బోర్ కొట్టొచ్చు, బయట బాగా తిరుగుతారు. వేసవిలో అయితే పొద్దున్నే వెళ్లండి, ఓక్లహోమా ఎండ మామూలుగా ఉండదు. ఇది సైనిక స్థావరం కాబట్టి గేటు దగ్గర విజిటర్ పాస్ తీసుకోవాలి, ఐడీ చూస్తారు, దానికి కొంత సమయం పెట్టుకోండి. ఇండియా పాస్‌పోర్టుతో వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లాలంటే, వాళ్లకు పాస్ ఎలా ఇస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.