దేవరియాతాల్ దారిలో: జీను కింద చూడకుండా గుర్రం ఎక్కకండి

దసరా సెలవుల్లో అక్క, బావగారు, మా ఆయన, నేను ఉత్తరాఖండ్‌లోని సారి గ్రామం నుంచి దేవరియాతాల్ సరస్సు మీదుగా చోప్తా దాకా అడవి దారిలో వెళ్లొచ్చాం. రెండు రాత్రులు గుడారాల్లోనే. బావగారికి మోకాళ్ల నొప్పి కాబట్టి గుర్రాల మీద వెళ్లే ప్యాకేజీ చూసి బుక్ చేశాం. మనిషికి 8,500, నలుగురికి 34,000. సగం, అంటే 17,000, ముందే కట్టించుకున్నారు. హరిద్వార్ నుంచి సారికి కారు 6,500. దారిలో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

మర్నాడు ఉదయం ఏడింటికి నాలుగు పొట్టి గుర్రాలు వచ్చాయి. మా అక్కకు పశువు కనిపిస్తే చేయి వేసి నిమిరే అలవాటు. ఒకదాని మెడ నిమురుతూ మూపు దగ్గరికి వచ్చేసరికి అది చర్మం జలదరించి పక్కకు జరిగింది. అక్క జీను కింది గోనెపట్టా అంచు పైకెత్తింది. అరచేయంత పుండు. చుట్టూ వెంట్రుకలు ఊడిపోయి, పట్టా దానికే అతుక్కుని ఉంది. ఆ వాసన ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది. "పాత గాయం మేడమ్, మామూలే" అన్నాడు గైడు. ఆ గుర్రాన్నే బావగారికి కేటాయించారు. ఆయన బరువు 92 కిలోలు. పైగా జీను బరువు.

అక్క ఎక్కనంది. మేమూ ఎక్కలేదు. గంటసేపు వాదన. ఆఫీసుకు ఫోన్ చేస్తే, "రానన్నది మీరే, డబ్బు వెనక్కి రాదు" అన్నారు. తన బరువు వల్లే ఇదంతా జరిగిందని బావగారు లోపల నొచ్చుకున్నారు. ఆ తర్వాత ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

మా హోమ్‌స్టే ఆవిడ అదే ఊరి పెద్దాయన ఒకరిని పిలిపించింది. ఆయనకు మూడు ఖచ్చర్లు, అంటే కంచరగాడిదలు ఉన్నాయి. మేం అడగకముందే ఒక్కోదాని పట్టా తీసి వీపు చూపించారు. మెత్తటి ఉన్ని కంబళి, దాని మీద జీను. కడుపు పట్టీ బిగించి రెండు వేళ్లు దూర్చి చూశారు, పది నిమిషాలు నడిపించి మళ్లీ చూశారు. సామాను ఒక దాని మీద, మిగతా రెండిటి మీద అక్కా బావగారూ. మా ఆయనా నేనూ నడక.

ఖర్చు చెప్తాను. మూడు ఖచ్చర్లకు, ఒక్కోదానికి రోజుకు 1,300 చొప్పున మూడు రోజులు, ఖాళీగా తిరిగి వెళ్లే రోజు ఒకటి కలిపి 15,600. రెండు గుడారాల అద్దె రెండు రాత్రులకు 2,400. సరుకులు 2,800. అటవీ శాఖ రుసుము 600. మొత్తం 21,400, మనిషికి 5,350. తిరుగు రోజుకు కూడా డబ్బు అడిగారని బేరం ఆడకండి. ఆ రోజు కూడా వాటికి దాణా పెట్టాలి కదా.

దేవరియాతాల్ ఎక్కడం తేలికే, రెండు గంటలు పట్టింది. ఆ రాత్రి గుడారాలు నీటికి బాగా దూరంగా వేయించారు. నేను ఎక్కువసేపు చూస్తూ కూర్చున్నది మాత్రం పెద్దాయన ఖచ్చర్లను కట్టిన పద్ధతి. చెట్టు మొదట్లో కడితే రాత్రంతా గిట్టలతో వేర్లు తవ్వేస్తాయి, బెరడు కొరికేస్తాయి. అందుకే రెండు బంజ్ (ఓక్) చెట్ల మధ్య తల కంటే ఎత్తులో తాడు లాగి, బెరడు ఒరుసుకోకుండా కింద పాత కంబళి పట్టీలు చుట్టి, ఆ తాడుకు పగ్గాలు వేశారు. ఊట దగ్గరికి వాటిని తోలలేదు. ఆయన కొడుకు బకెట్లతో నీళ్లు మోశాడు. ఒక్కొక్కటి రోజుకు పాతిక, ముప్పై లీటర్లు తాగుతుంది, మోయడం చిన్న పని కాదు. పొద్దున్నే లద్దె కర్రతో చిదిపి పలుచగా చల్లి, గిట్టలు దిగబడిన గుంటలు కాలితో పూడ్చారు. మేం బయల్దేరాక వెనక్కి తిరిగి చూస్తే అక్కడ మకాం చేసినట్టే లేదు.

రెండో రోజు బురద చాలా ఉంది. పక్కన పొడి నేల ఉన్నా ఖచ్చర్లను బురద మధ్యలోంచే నడిపించారు. పక్కకు తొక్కితే దారి వెడల్పయి మొక్కలు పోతాయట. దిగుడు వచ్చినచోటల్లా ఇద్దరినీ దింపేశారు. నడిచేవాళ్లకు నా మాట ఒకటి: ఖచ్చర్ల మెడలోని గంటల చప్పుడు వినగానే కొండ వైపు నిలబడండి, లోయ వైపు కాదు. సామాను తగిలితే పడిపోతారు.

మేం మొదట బుక్ చేసిన ఏజెన్సీ కార్యక్రమ పట్టికలో రెండో రాత్రి రోహిణీ బుగ్యాల్‌లో, అంటే కొండ మీది పచ్చిక మైదానంలోనే మకాం అని ఉంది. బుగ్యాళ్ల మీద రాత్రి బసను ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లోనే నిషేధించింది. పెద్దాయన ఆ మాట వినగానే తల అడ్డంగా ఊపి, మమ్మల్ని కిందికి, అడవిలోని ఖాళీ జాగాకు తీసుకెళ్లారు. పట్టికలో అలాంటి మాట కనిపిస్తే అక్కడే ఆ బుకింగ్ వదిలేయండి.

ఆ రాత్రి మండువా రొట్టె, గహత్ పప్పు వండారు. మండువా అంటే రాగులు, గహత్ అంటే మన ఉలవలు. చలిలో పొగలు కక్కే ఆ పప్పు రెండు ముద్దలు తిన్నాక బావగారు మొదటిసారి నోరు విప్పి, "అచ్చం మా అమ్మ పెట్టిన ఉలవచారే" అన్నారు. మూడోసారి వడ్డించుకున్నారు.

ఇంటికొచ్చాక బరువుల నిబంధనలు వెతికాను. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పొట్టి గుర్రం మోయాల్సింది 70 కిలోలే, కంచరగాడిదకు 200. పెద్దాయన అంతవరకూ పోనివ్వలేదు. రోజుకు మొత్తం 9 గంటలు, విశ్రాంతి లేకుండా వరసగా 5 గంటలు మించి పని చేయించకూడదు. ఇవన్నీ రాసి, పుండు ఫొటో జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. నలభై రోజులకు 9,000 వచ్చింది. మిగతా 8,000 రాలేదు, అడుగుతూనే ఉన్నాను. ఆ గుర్రం పుండుకు ఎవరైనా మందు రాశారా అన్నది మాత్రం నాకు ఏ జవాబులోనూ దొరకలేదు.

చోప్తాలో తుంగనాథ్ గుడికి ఎక్కే దారి మొదట్లో గుర్రాలు వరసగా నిలబడి ఉన్నాయి. అక్కడి నుంచి గుడికి మూడున్నర కిలోమీటర్లు. గుడి 3,680 మీటర్ల ఎత్తులో ఉంది. బావగారు ఆ వరస చివరిదాకా నడిచి, రెండు మూడింటి జీను కింద చేయి పెట్టి చూశారు. తర్వాత కర్ర ఒకటి 50 రూపాయలకు కొనుక్కుని, మోకాలికి పట్టీ బిగించుకుని నడవడం మొదలుపెట్టారు. పైకి చేరడానికి ఆయనకు నాలుగు గంటలు పట్టింది. అక్క ఆయన పక్కనే నడిచింది.