బర్డ్ ఆఫ్ ప్యారడైజ్ పూయాలంటే కుండీయా, నేలా?

మా గుంటూరులో నా దగ్గర ఈ పూలమొక్కలు రెండున్నాయండి, ఒకటి డాబా మీద 14 అంగుళాల కుండీలో, ఇంకోటి పెరట్లో నేలలో. ముందు పూసింది కుండీలోదే. దీని వేర్లు కాస్త ఇరుకుగా ఉంటేనే త్వరగా పూలకొస్తుంది, అందుకే ఊరికే పెద్ద కుండీలోకి మార్చేస్తే మళ్ళీ ఏడాదికి పైనే ఆకులు చూస్తూ కూర్చోవాలి, ఆ తప్పు మాత్రం చెయ్యకండి ప్లీజ్. కాకపోతే మే ఎండకి కుండీ కాలిపోతుంది, రోజూ నీళ్ళు పొయ్యాలి, మధ్యాహ్నం గ్రీన్ నెట్ నీడ ఉండాలి.

నేలలోది లేటు, కానీ గుబురు కట్టాక పూలు ఎక్కువే. మనది నల్లరేగడి కదా, వానల్లో నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది, అందుకే ఇసుక, పశువుల ఎరువు కలిపి మట్టి ఎత్తుగా పోసి నాటాలి, మొక్క మొదలు లోతుగా పూడ్చొద్దు.

ఎక్కడైనా రోజుకి 5-6 గంటల ఎండ తగలాలి, యూరియా వేస్తే ఆకులే వస్తాయి. విత్తనం మొక్కకి 4-5 ఏళ్ళు పట్టొచ్చు, పిలకైతే 2-3 ఏళ్ళే. చోటు తక్కువుంటే నేనైతే కుండీలో పిలకే పెట్టమంటాను.