రేణిగుంట రాళ్లు: కాలినడక సర్వే మేలా, తవ్వకం మేలా?

తిరుపతి చుట్టుపక్కల చరిత్ర అనగానే చంద్రగిరి కోట దగ్గర మొదలుపెట్టి శ్రీకృష్ణదేవరాయల దగ్గర ఆపేస్తాం. అంతకు వేల ఏళ్ల ముందే ఇక్కడ మనుషులు రాళ్లు చెక్కుకుని బతికారన్న సంగతి రేణిగుంట జంక్షన్‌లో రైలు మారేవాళ్లలో ఎందరికి తెలుసు? వాళ్ల గురించి మరింత తెలుసుకోవాలంటే ఉన్నవి రెండు దారులు. వాగుల గట్లు, గుట్టల వాలులు కాలినడకన గాలించి, పైకి తేలిన పనిముట్లను నమోదు చేయడం ఒకటి. ఒకచోట గుంత తీసి పొరపొరగా కిందికి దిగడం రెండోది. డబ్బు, మనుషులు, అనుమతులు అన్నీ అంతంతమాత్రంగా ఉన్నప్పుడు ముందు దేనికి పూనుకోవాలి? నా ఓటు నడకకే. కానీ తవ్వకం మాత్రమే చెప్పగలిగే సంగతులున్నాయి, వాటిని తీసిపారేయలేం.

నడక గొప్పతనానికి రాళ్లకాలువే సాక్ష్యం. రేణిగుంట దగ్గరి ఈ వాగు పరిసరాలను 1960ల్లో పురావస్తు పరిశోధకుడు ఎం.ఎల్.కె. మూర్తి గాలించారు. సన్నగా పొడవుగా చీల్చిన బ్లేడ్లు, ఉలి మొన తేలిన పనిముట్లు దొరికాయి. 1968లో ఆయన వాటిపై వ్యాసం ప్రచురించేనాటికి, పాతరాతియుగపు చివరి దశ మన దేశంలో విడిగా ఉందా అన్నదే ఇంకా తేలని ప్రశ్న. దానికి గట్టి జవాబుల్లో ఒకటి మన రేణిగుంట నుంచి వెళ్లింది. పెద్ద గుంతలతో పని లేకుండానే, ఎక్కడ వెతకాలో తెలిసిన కంటితో వచ్చిన ఫలితం అది.

ఆ కన్ను ఊరికే రాదు. ఈ ప్రాంతపు పనిముట్లలో ఎక్కువ భాగం క్వార్ట్జైట్‌వి. తిరుమల ఘాట్ రోడ్డులో గ్రానైటు మీద పరుచుకుని కనిపించే గట్టి రాయి అదే. నగరి కొండలదీ అదే. వాగులో ఎక్కడ చూసినా దాని గులకరాళ్లే. వాటిలో తనంతట పగిలినదేదో, మనిషి దెబ్బకు పెచ్చు లేచినదేదో తేల్చాలి. దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు ఉంటుంది. ఒకే వైపు నుంచి వరసగా లేచిన పెచ్చుల గాట్లు ఉంటాయి. అంచులు అరిగి నున్నబడితే నీళ్లు దొర్లించుకొచ్చాయని, పదునుగా ఉంటే చేసినచోటు దగ్గర్లోనే ఉందని అనుమానించవచ్చు.

అనుమానం వరకే. నడక ఓడిపోయేది ఇక్కడే. నేల మీద పక్కపక్కనే దొరికిన రెండు రాళ్ల మధ్య లక్ష ఏళ్ల తేడా ఉండవచ్చు, వాగు వాటిని కలిపేసి ఉండవచ్చు. కాలం తేలాలంటే పొర కావాలి.

ఇందుకు దూరం పోనక్కర్లేదు. నగరి నది పూండి దగ్గర కొసస్థలైయార్‌లో కలుస్తుంది. ఆ చుట్టుపక్కలే, తమిళనాడులో అత్తిరంపాక్కం ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ 1863లోనే అక్కడ చేతిగొడ్డళ్లు చూశారు. నూరేళ్లు దాటినా వాటి వయసెంతో గట్టిగా చెప్పగలిగినవారు లేరు. 1999 నుంచి శాంతి పప్పు బృందం తవ్వి, పొరల నమూనాలను ప్రయోగశాలలకు పంపాక, 2011లో సుమారు 15 లక్షల ఏళ్లని తేలింది. తర్వాతి దశ పనిముట్లకు 2018లో సుమారు 3,85,000 ఏళ్ల వయసు వచ్చింది. కార్బన్ పరీక్ష 50,000 ఏళ్లు దాటితే పనికిరాదు కాబట్టి, మొదటి అంకెకు రాళ్లు ఎంతకాలంగా నేలలో పూడి ఉన్నాయో లెక్కగట్టే పద్ధతి, రెండో అంకెకు మట్టి రేణువులు చివరిసారి వెలుగు చూసిన కాలాన్ని కొలిచే పద్ధతి వాడారు. ఎంత నడిచినా ఈ అంకెలు రావు.

ఏర్పేడు దగ్గరి గుడిమల్లం శివాలయం కథ ఇంకోలా ఉంటుంది. అది రాతియుగం కాదు కానీ పోలికకు పనికొస్తుంది. 1973లో ఐ. కార్తికేయ శర్మ తవ్వించినప్పుడు గర్భగుడి కింద పాత ఇటుకల కట్టడం బయటపడింది. అయినా ఆ లింగం కాలంపై పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. గుంత తీస్తే గొడవ తీరుతుందన్న నమ్మకం మరీ ఎక్కువ పెట్టుకోకూడదు.

మరి నా ఓటు నడకకెందుకు? తవ్విన పొర మళ్లీ రాదు. ఈ తరానికి తెలియని పరీక్ష రేపు వస్తే, దానికి మిగిలేది తవ్వని నేలే. కర్నూలు సున్నపురాయి గుహల్లో ఎముకలు నిలిచినట్టు ఇక్కడి గులకరాతి నేలల్లో నిలవడమూ అరుదు, కాబట్టి ఖర్చుకు తగ్గట్టు అన్నీ దొరకవు. పైగా రేణిగుంట, ఏర్పేడు వైపు లేఅవుట్లు, రోడ్లు, గ్రావెల్ తవ్వకాలు పురావస్తు శాఖ అనుమతి కోసం ఆగడం లేదు. ఎక్కడేముందో ముందు పటం మీదికి ఎక్కకపోతే, ఏ గుట్టను కాపాడమని ఎవరిని అడుగుతాం? పటం ఉంటే, కోతపడ్డ గట్టులో పదునైన అంచుల పనిముట్లు ఒకే పొరలో కనిపించిన చోటే చిన్న గుంతకు అనుమతి అడగవచ్చు. అక్కడ మాత్రం నేనూ తవ్వకం వైపే.

పలమనేరు వైపు రాక్షస గుళ్ల విషయంలో ఈ చర్చే అనవసరం. గుండ్రటి కంత చెక్కిన బండలతో కట్టిన ఆ ఇనుపయుగపు సమాధులు నిలబడి కనిపిస్తూనే ఉన్నాయి, నడిచి కనిపెట్టాల్సిన పని లేదు. గుప్తనిధుల ఆశతో ఇలాంటివాటిని పెకలించేవాళ్లు రాయలసీమలో తక్కువేమీ కాదు. అక్కడ ముందు కావాల్సింది కాపలా.

ఇక వాగులో మీకే చెక్కిన రాయి కనబడితే జేబులో వేసుకోకండి. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, ఫోనులో ఆ చోటు గుర్తుపెట్టి, ఉన్నచోటే ఉంచి, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పురావస్తు అధ్యాపకులకో, పురావస్తు శాఖకో తెలపండి. జేసీబీ అప్పటికే దిగి ఉంటే మాత్రం ఫోటో తీశాక రాయిని తీసుకెళ్లి అప్పగించడమే మేలు.