ఎస్‌టీఐకి ఇంజన్ మార్పిస్తున్నారా? "అన్నీ కలిపి" అనే కొటేషన్‌తో జాగ్రత్త

డాలస్ చుట్టుపక్కల సుబారు ఎస్‌టీఐ కారు నడుపుతూ వీకెండ్‌లో ట్రాక్ డేలకు (సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడిపే రోజులకు) వెళ్ళే మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇంజన్ పోవడం ఒక దెబ్బ. దాన్ని మార్పించడంలో తగిలింది అంతకంటే పెద్ద దెబ్బ. వ్యవహారం కోర్టుకి వెళ్ళింది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. వాళ్ళు వాడిన పద్ధతి మాత్రం చెప్తాను, ఎందుకంటే అది ఆ ఒక్క షాపులోనే ఉండదు.

నాది 2017 మోడల్. ఆస్టిన్‌లో సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ అనే రేస్ ట్రాక్ మీద నడుపుతుండగా ఇంజన్ పోయింది. ఆ ట్రాక్ తెలిసినవాళ్ళకి 16, 17, 18 మలుపుల గురించి చెప్పక్కర్లేదు. మూడూ కలిసిపోయి ఒకటే పొడుగాటి కుడి మలుపు, స్టీరింగ్ అలా పట్టుకుని పోతూనే ఉండాలి. ఆయిలంతా ఒక పక్కకి తోసుకుపోయి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోంచి దాన్ని పైకి లాగే పికప్ ట్యూబ్, ఆయిల్‌కి బదులు గాలి పీల్చే ప్రమాదం ఇలాంటి చోటే ఎక్కువ. పిట్‌లోకి వచ్చేసరికి ఇంజన్ అడుగు నుంచి టకటకమని చప్పుడు. యాక్సిలరేటర్ నొక్కితే ఆ చప్పుడూ పెరుగుతోంది. పిస్టన్ రాడ్ క్రాంక్ షాఫ్ట్‌ని పట్టుకునే చోట ఉండే రాడ్ బేరింగ్ పోయింది.

కంపెనీ పవర్‌ట్రెయిన్ (ఇంజన్, గేర్‌బాక్స్) వారంటీ 5 ఏళ్ళు లేదా 60,000 మైళ్ళు, నాకు ఎప్పుడో దాటిపోయింది. ట్రాక్ డే కోసం విడిగా తీసుకునే ఇన్సూరెన్స్ ఉంటుంది కదా అంటారేమో, అది బండి గోడకి గుద్దితే ఇస్తుంది, ఇంజన్ దానంతటది పోతే ఇవ్వదు. అంటే మొత్తం మన జేబులోంచే.

ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉండాలి. అమెరికాలో 2004 నుంచి 2021 దాకా ఎస్‌టీఐలో వచ్చింది ఈజే25 రకం 2.5 లీటర్ టర్బో ఇంజనే. అది పోయే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి, నాకింగ్ (సిలిండర్లో పెట్రోలు వేళ తప్పి పేలడం) వల్ల పిస్టన్ మీద రింగులు కూర్చునే గట్టు విరగడం, అది కూడా ఎక్కువగా నాలుగో సిలిండర్లో. రెండోది నాకు జరిగినట్టు బేరింగ్ పోవడం. గట్టు విరిగితే కంప్రెషన్ పడిపోతుంది, ఆయిల్ తాగుతుంది, నష్టం చాలావరకు ఆ సిలిండర్ దగ్గరే ఆగుతుంది. బేరింగ్ పోతే అలా కాదు. అరిగిన లోహం సన్నటి మెరుపు పొడిలా ఆయిల్లో కలిసి, ఆయిల్ వెళ్ళే ప్రతి సందులోకీ వెళ్తుంది. సిలిండర్ల మీద మూతల్లా ఉండే హెడ్స్‌లోకి, క్యామ్ టైమింగ్ వాల్వుల్లోకి, టర్బోలోకి, అన్నిటికంటే ముఖ్యంగా ఫిల్టర్ పైన ఉండే ఆయిల్ కూలర్‌లోకి. ఆ కూలర్ లోపల ఇరుకు ఇరుకు పొరలు. దాన్ని ఏ సాల్వెంట్‌తో కడిగినా పొడి మొత్తం బయటికొచ్చిందని ఎవరూ పూచీ ఇవ్వలేరు, అందుకే తెలిసిన ఇంజన్ బిల్డర్లు దాన్ని పారేసి కొత్తది వేస్తారు. పాత కూలర్ ఉంచి కొత్త బ్లాక్ వేయడం కల్లు ముంత కడక్కుండా అందులో పాలు పోయడమే.

నేను కొటేషన్లు అడిగినప్పుడు రెండు షాపులు పదకొండు వేల డాలర్లు దాటించాయి. ఈ మూడో షాపు ఎనిమిది వేల లోపు చెప్పింది, పైగా ఫోర్జ్‌డ్ పిస్టన్లతో (పోత పోయకుండా లోహాన్ని అదిమి చేసిన గట్టివి) కట్టిన షార్ట్ బ్లాక్, అంటే హెడ్స్ లేకుండా ఇంజన్ కింది భాగం, అంది. "ఎవ్రీథింగ్ ఇన్‌క్లూడెడ్" అని ఓనరు ఫోన్లో ఎన్నిసార్లు అన్నాడో. కాగితం మీద మాత్రం "షార్ట్ బ్లాక్, గ్యాస్కెట్లు, లేబర్" అని ఒకే లైను. మిగతా రెండు కొటేషన్లలో కూలర్, ఆయిల్ పంపు, పికప్ ట్యూబ్, టర్బో చెకింగ్, హెడ్స్ విప్పి కడగడం, ఇంజెక్టర్ల ఫ్లో టెస్ట్, అన్నీ విడివిడిగా రాసి ఉన్నాయి. తేడా మూడు వేల డాలర్లు ఎక్కడిదో ఆ లైన్లే చెప్తున్నాయి.

ఆ మూడో షాపుకే పని ఇచ్చాను. బండి చేతికొచ్చాక బ్రేక్-ఇన్, అంటే కొత్త ఇంజన్‌ని మొదట్లో నెమ్మదిగా అలవాటు చేయడం, పద్ధతిగానే చేశాను. టర్బో బూస్ట్ ఎక్కనివ్వలేదు, ట్రాక్ వైపు పోలేదు. మొదటి ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్ కోసి చూస్తే మడతల నిండా మెరుపు. షాపుకి ఫోటో పంపితే "కొత్త ఇంజన్ కదా, మామూలే" అన్నారు. కొత్త ఇంజన్లో మొదట్లో కొద్దిగా పొడి రావడం మామూలే, నిజం. కానీ రెండో మార్పుకి తగ్గాలి. నాకు పెరిగింది. కొన్నాళ్ళకి అదే టకటక.

ఈసారి వేరే బిల్డర్ దగ్గరికి తీసుకెళ్ళి, నా ఎదుటే విప్పించాను. ఆయిల్ కూలర్ పాతదే. పికప్ ట్యూబ్ పాతదే, అతుకుల దగ్గర పగుళ్ళు వస్తాయని అందరికీ పేరుమోసిన ఆ కంపెనీ ట్యూబే. పిస్టన్లు ఫోర్జ్‌డ్ కావు, కంపెనీ పోత పిస్టన్లు. ఆయన పెద్దగా ఏమీ అనలేదు, పిస్టన్ నా చేతిలో పెట్టి ఫోటో తీసుకోమన్నాడు. ఆ ఫోటోలే ఇప్పుడు నా కేసుకి ప్రాణం.

షాపు జవాబు ఏమిటంటే వారంటీ చెల్లదు. బిల్లు వెనక సన్న అక్షరాల్లో "కాంపిటీషన్, ట్రాక్ వాడకం ఉంటే వారంటీ రద్దు" అని ఉంది. నేను వాళ్ళ ఇంజన్‌తో ట్రాక్‌కే పోలేదు మహాప్రభో అంటే, డోర్ మీద పాత ట్రాక్ నంబర్ స్టిక్కర్ జాడ చూపించారు! బండి ట్రాక్ మీద పాడైందని ముందే చెప్పి వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను, వాళ్ళ ఇన్‌స్టాగ్రామ్ నిండా ట్రాక్ బండ్లే. ట్రాక్ బండ్లకి ఇంజన్లు కట్టడమే వ్యాపారమైన షాపు, ట్రాక్ బండి అని వారంటీ ఎగ్గొట్టడం నాకైతే శుద్ధ మోసంగానే కనిపిస్తోంది. ఒకవేళ వారంటీ ఇచ్చినా అది బ్లాక్‌కే, విప్పి బిగించే లేబర్‌కి కాదు. ఈ ఇంజన్ విషయంలో లేబర్ అంటే ఎంతో మీకు తెలుసు.

డబ్బు కట్టే దగ్గర ఇంకో వల ఉంది. జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపితే తగ్గింపు ఇస్తామంటారు. ఆశపడకండి. మనమే పంపిన జెల్ డబ్బు వెనక్కి రప్పించడం దాదాపు అసాధ్యం. క్రెడిట్ కార్డుతో కడితే, ఒప్పుకున్న వస్తువు ఇవ్వలేదని స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. నేను అడ్వాన్స్ కార్డు మీద కట్టాను కాబట్టి కనీసం ఆ భాగం మీద పోట్లాడగలుగుతున్నాను. ఇంకోటి, టెక్సాస్‌లో బిల్లు కట్టేదాకా బండి తన దగ్గర పట్టి ఉంచుకునే హక్కు మెకానిక్‌కి చట్టమే ఇచ్చింది. కాబట్టి "పని నచ్చకపోతే కట్టను" అనే బెదిరింపు పనిచేయదు. ముందే కాగితం మీద గట్టిగా రాయించుకోవాలి.

ఏం రాయించుకోవాలంటే, మొదట ఇంజన్ ఎందుకు పోయిందో వాళ్ళ నిర్ధారణ. బేరింగ్ అయితే ఆయిల్ కూలర్ కొత్తదని పార్ట్ నంబర్‌తో సహా ఉండాలి, టర్బో విప్పి చూశారో లేదో ఉండాలి. ఫోర్జ్‌డ్ అంటే ఏ కంపెనీ పిస్టన్లు, ఏ సైజు, బేరింగ్ గ్యాప్‌లు ఎంత కొలిచారు అనే బిల్డ్ షీట్ అడగండి. నిజంగా కట్టినవాడి దగ్గర అది ఉంటుంది, లేనివాడు మాట మారుస్తాడు. బ్లాక్ మూసేముందు లోపలి ఫోటోలు కావాలనండి. పాత ట్యూన్‌తోనే (ఇంజన్ కంప్యూటర్‌లోని పాత సెట్టింగులతోనే) స్టార్ట్ చేస్తామంటే అక్కడే లేచి వచ్చేయండి. పాత భాగాలు మీకు తిరిగి ఇవ్వాలని కూడా రాయించండి. పాత కూలర్ మీ డిక్కీలో ఉందంటే కొత్తది పడిందని అర్థం.

"జపాన్ నుంచి తెచ్చిన తక్కువ మైళ్ళ ఇంజన్" అని చవకగా అమ్మేవాళ్ళున్నారు. ఇంజన్‌తో పాటు ఓడోమీటర్ రాదు, ఆ మైళ్ళు వాళ్ళ నోటి మాట. లీక్-డౌన్ టెస్ట్ (సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో కొలవడం) చేసి చూపించమనండి, సంప్ దించి చూపించమనండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

నేను చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టులో దావా వేశాను. టెక్సాస్‌లో 20,000 డాలర్ల దాకా అక్కడే తేల్చుకోవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. రెండో బిల్డర్ రాసిచ్చిన రిపోర్టు, ఫోటోలు, ఫిల్టర్ మడతలు అన్నీ జతచేశాను. తీర్పు వచ్చాక ఇక్కడే చెప్తాను. ఈలోగా మీలో ఎవరైనా బ్లాక్ వేయించబోతుంటే, అడ్వాన్స్ కట్టకముందే కొటేషన్ ఫోటో పంపండి, ఏ లైను లేదో చూసి చెప్తాను.