బైకు మీద కెమెరా సామాను: ఏళ్ల తరబడి వాడాక వీపు బ్యాగుకే నా ఓటు

నల్గొండలో ఉంటూ పెళ్లిళ్లు తీసేవాడికి ప్రతిసారీ కారు కుదరదు. పొద్దున మిర్యాలగూడలో ప్రధానం, సాయంత్రం దేవరకొండ వైపు ఏదో ఊళ్లో రిసెప్షన్ అంటే బండే దిక్కు. పని లేని రోజుల్లో కూడా పానగల్లు గుళ్లు, సోమశిల, మన్ననూరు అడవి అంటూ అదే బండి మీద తిరుగుతాను. 350 సీసీ, సింగిల్ సిలిండర్. దాని మీద కెమెరాను ట్యాంక్ బ్యాగులో, వెనక టాప్ బాక్సులో, వీపు మీద, ఇలా మూడు రకాలుగా నెలల తరబడి మోసి చూశాను. ఇప్పుడు వీపు బ్యాగు ఒక్కటే మిగిలింది. నడుము బెల్టు, ఛాతీ పట్టీ ఉన్న మామూలు కెమెరా బ్యాగు అది.

టాప్ బాక్సు చూడ్డానికి భద్రంగా కనిపిస్తుంది. తాళం ఉంటుంది, వాన పడదు. కానీ అది వెనక చక్రం ఇరుసును దాటి వెనక్కి వేలాడుతుంది. చక్రం గుంతలో పడి లేస్తే మనకు సీటు మీద చిన్నగా తెలిసే కుదుపు అక్కడ పెద్దదవుతుంది. ఇంజిన్ వైబ్రేషన్ కూడా ఫ్రేము, క్యారియర్ల మీదుగా నేరుగా డబ్బాలోకి దిగుతుంది. అదే వీపు మీదైతే తొడలు, నడుము, వెన్ను చాలా మటుకు ఆ అదురును మింగేస్తాయి.

బాక్సులో పెట్టి తిరిగిన రోజుల్లో ఒకసారి లోపలి స్పాంజి తీసి దులిపితే ఆవగింజంత నల్ల స్క్రూ రాలింది. జూమ్ లెన్సు వెనక, కెమెరాకు తగిలించే మౌంటు రింగుది అది. రింగును వేళ్లతో పట్టుకుని కదిపితే వెంట్రుకవాసి ఆడుతోంది. మిగతా స్క్రూలూ వదులయ్యాయి. కోఠిలో రిపేరు చేసే ఆయన లెన్సు చేతిలోకి తీసుకోగానే అడిగిన మాట, "బండి ఎనక డబ్బాల పెట్టి తిప్పుతున్నవా అన్నా?"

ఇప్పటి కెమెరాలకు ఈ భయం ఇంకా ఎక్కువ. లెన్సులో చెయ్యి వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఉంటే లోపల ఒక గాజు ముక్క కదలడానికి వీలుగా ఉంటుంది. కెమెరా బాడీలో ఉంటే ఫొటోను పట్టే సెన్సరే కదులుతుంది. కొన్ని మోడళ్లలో ఆఫ్ చేయగానే సెన్సర్ లాక్ అవుతుంది, కొన్నింటిలో ఆఫ్‌లో కూడా అటూ ఇటూ ఊగుతుంది. ఫోన్లకూ ఇదే గండం. పెద్ద బైకు ఇంజిన్ల వైబ్రేషన్ హ్యాండిల్ ద్వారా తగులుతూ ఉంటే ఐఫోన్ కెమెరా పాడయ్యే అవకాశం ఉందని 2021 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీయే చెప్పింది. అందుకే మ్యాప్ కోసం హ్యాండిల్‌కు పాత ఫోన్ తగిలిస్తాను. ఫొటోలు తీసే ఫోన్ జేబులోనే ఉంటుంది.

ట్యాంక్ బ్యాగు బాక్సు కంటే నయం, బరువు బండి మధ్యలో ఉంటుంది. కానీ ఎండాకాలంలో కింద నుంచి ట్యాంకు వేడి, పైనుంచి ఎండ. చాలా కెమెరాల మాన్యువల్‌లో వాడకానికి 40 డిగ్రీల హద్దు రాసి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మా నల్గొండ నీడలోనే దాన్ని దాటేస్తుంది.

వీపు బ్యాగుకు ఉన్న పెద్ద కష్టం బరువు. బాడీ, 24-70, 70-200 లెన్సులు, ఫ్లాష్, బ్యాటరీలు అన్నీ కలిస్తే చౌటుప్పల్ దాటేలోపే భుజాలు పీకుతాయి. భుజం పట్టీలు కొంచెం వదులు చేసి, బ్యాగు అడుగు వెనక సీటు మీద ఆనేలా పెడతాను. కింద మడత పెట్టిన తువ్వాల. బరువు సీటు మోస్తుంది, ఛాతీ పట్టీ బ్యాగును పక్కకు జారనివ్వదు. వెనక అసిస్టెంటు తమ్ముడు కూర్చుంటే బ్యాగు అతని వీపుకు మారుతుంది. లెన్సు బాడీకి తగిలించి ఎప్పుడూ పెట్టను, ముఖ్యంగా 70-200. ఒకటిన్నర కిలోల బరువు ప్రతి కుదుపుకూ మౌంటును లాగుతుంది.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ట్రైపాడ్‌ను వీపు మీద నిలువుగా పెట్టుకోవద్దు. పడితే అది వెన్నెముక మీదికే వస్తుంది. యాసంగి కోతలప్పుడు మా రోడ్ల మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు, రాత్రి పూట దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. అలాంటి రోడ్డు మీద పడననే ధీమా ఎవరికీ ఉండకూడదు. ట్రైపాడ్ నా బండికి ఎడమ పక్క శారీ గార్డుకు కట్టి ఉంటుంది. ఛార్జర్లు, ఫ్లాష్ లాంటి గట్టి సామాను బ్యాగులో వీపుకు దూరంగా, బయటి వైపు పెడతాను.

బ్యాగుతో వచ్చిన రెయిన్ కవర్‌ను నమ్మలేం. వేగానికి గాలి నిండి బుడగలా ఉబ్బుతుంది, మెడ మీద పడిన వాన వీపు వెంబడి జారి పట్టీల వైపు నుంచి లోపలికి పోతుంది. సామానంతా లోపలే మందపాటి పాలిథిన్ కవరులో చుట్టి, మూతి మడిచి పెట్టడం మొదలుపెట్టాక తడి సమస్య లేదు. ఇంటికి రాగానే కవరు విప్పేయాలి, లేకపోతే లెన్సులో ఫంగస్ పడుతుంది.

దేవరకొండ ఖిల్లా లాంటి చోట బండి కిందే ఆగిపోతుంది. డబ్బా అయితే సామాను మళ్లీ వేరే సంచిలోకి మార్చుకోవాలి. వీపు బ్యాగు నాతోనే మెట్లెక్కుతుంది, ఫంక్షన్ హాలు పార్కింగులో వదిలి వచ్చిన టెన్షన్ కూడా ఉండదు. దుమ్ముకు జిప్పు మాత్రం తట్టుకోలేదు. సన్న పళ్లది తీసేసి, బ్యాగులు కుట్టే ఆయన దగ్గర పెద్ద పళ్ల జిప్పు వేయించాక ఇప్పటికీ బాగానే ఉంది.

కొత్తగా కొనేవాళ్లు షాపులో ఖాళీ బ్యాగు తగిలించుకుని తేల్చుకోవద్దు. మీ సామానంతా అందులో పెట్టి, హెల్మెట్ పెట్టుకుని, బండి మీద కూర్చుని తల వెనక్కి తిప్పి చూడండి. బ్యాగు పైకొస హెల్మెట్‌కు తగులుతుంటే అంతకంటే పొట్టి సైజు తీసుకోండి. తల తిరగని బ్యాగుతో హైవే మీద వెనక వచ్చే లారీని చూడలేరు.